గుడియాత్తం బాటలో వైద్యజ్యోతి – డాక్టర్ ఐడా స్కడర్

పలమనేరు, వి.కోట, పరదరామి, పేర్ణాంబట్టు, గుడియాత్తం ప్రాంతాల పల్లెల్లో ఊరి వైద్యుని మందుకు లొంగని జబ్బు వస్తే ఇంటి పెద్దలు తీసుకునే నిర్ణయం సాధారణంగా ఒక్కటే. రోగిని రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవడం. ఇంట్లో తెలుగు మాట్లాడేవారైనా, తమిళం మాట్లాడేవారైనా ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కని కుటుంబం ఈ సరిహద్దులో అరుదు. పేరు తెలియని జ్వరాలకు, మానని పుండ్లకు కారణమైన సూక్ష్మజీవిని వెదికి పట్టుకొనడంలో దేశంలోనే పేరెన్నికగన్న ఆ క్రైస్తవ వైద్య కళాశాల, 1900లో ఒకే ఒక్క పడకతో మొదలైంది. దానిని స్థాపించిన డాక్టర్ ఐడా సోఫియా స్కడర్, ఒకప్పుడు వైద్యురాలు కానని, ఈ దేశంలో ఉండనని గట్టిగా నిశ్చయించుకున్న యువతి.

వైద్యుల వంశం

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించారు. ఆమె తాతగారు జాన్ స్కడర్ 1819లో అమెరికా నుండి సింహళానికి వచ్చిన మిషనరీ వైద్యుడు. ఆయన కుమారులు 1853లో ఆర్కాటు మిషన్‌ను నెలకొల్పారు. ఐడా తండ్రి రెండవ జాన్ స్కడర్ కూడా వైద్యుడే. తల్లి సోఫియా.

ఆ రోజుల్లో ఇప్పటి సరిహద్దు లేదు. చిత్తూరు, రాయవేలూరు, గుడియాత్తం, పలమనేరు అన్నీ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. జిల్లా ముఖ్యపట్టణం చిత్తూరే. 1911లో చిత్తూరు వేరొక జిల్లా అయిన తరువాతనే ఈ ప్రాంతం రెండుగా విడిపోయింది.

1876–78 సంవత్సరాల మహా కరువు దక్షిణ దేశాన్ని దహించినప్పుడు ఐడా చిన్నపిల్ల. ఆకలితో చచ్చిపోతున్న పిల్లలను ఆ వయసులోనే ఆమె కళ్ళారా చూశారు. ఆ దృశ్యాలు ఆమెలో సేవాభావం కన్నా ముందు భయాన్నే నింపాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, నార్త్‌ఫీల్డ్ పాఠశాలలో చదువుకున్న కాలంలో ఆమె కోరుకున్నది పెండ్లి, ఇల్లు, సుఖమైన అమెరికా జీవితం. వంశంలో ఎందరు వైద్యులైనా తాను ఆ దారి పట్టకూడదని ఆమె అనుకున్నారు.

ఒకే రాత్రి మూడు మరణాలు

1890లో తల్లికి జబ్బు చేసిందని తెలిసి, సాయంగా ఉండి వెళ్ళిపోదామని ఐడా తిండివనానికి వచ్చారు. అక్కడ ఉన్న కాలంలో ఒక రాత్రి మూడు కుటుంబాల వారు ఒకరి తరువాత ఒకరు ఆ ఇంటి తలుపు తట్టారు. మొదట ఒక బ్రాహ్మణ యువకుడు, తరువాత ఒక ముస్లిం, ఆ పిమ్మట మరొక హిందూ కుటుంబీకుడు. ముగ్గురి భార్యలూ ప్రసవవేదనతో ప్రాణాపాయంలో ఉన్నారు. ముగ్గురూ అడిగినది ఐడాను రమ్మనే. తనకు వైద్యం తెలియదనీ, తన తండ్రి వైద్యుడు గనుక ఆయనను పిలుచుకుపొమ్మనీ ఆమె చెప్పారు. పరపురుషుడు తమ స్త్రీని చూడడానికి వీలులేదని ముగ్గురూ తిరిగి వెళ్ళిపోయారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ మరణించారు.

ఆ ఇంటిలోనే మందులు ఉన్నాయి, వైద్యుడు ఉన్నాడు. అయినా రోగిని చూడగలిగిన కన్ను లేకపోయింది. ఈ సంగతి ఐడా మనస్సును కలచివేసింది. తాను వైద్యురాలినై తిరిగి వస్తానని ఆ మరునాడే ఆమె తల్లిదండ్రులకు తెలియజేశారు.

సూక్ష్మజీవుల శాస్త్రం వికసించిన కాలం

ఐడా 1895లో పెన్సిల్వేనియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరారు. న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకొనడం ప్రారంభించగానే అక్కడికి మారి, 1899లో పట్టా పొందారు.

అది వైద్యశాస్త్రంలో పెద్ద మార్పు జరుగుతున్న కాలం. కుష్ఠువ్యాధికి కారణమైన క్రిమిని నార్వే దేశీయుడు హాన్సెన్ 1873లో గుర్తించాడు. క్షయ క్రిమిని జర్మనీకి చెందిన రాబర్ట్ కాక్ 1882లో ప్రకటించాడు. ఆయనే 1884లో కలకత్తాలో కలరా క్రిమిపై పరిశోధన గావించాడు. ప్లేగు క్రిమిని 1894లో హాంకాంగులో యెర్సిన్ కనుగొన్నాడు. దేవతల ఆగ్రహమనీ, చెడుగాలి అనీ తరతరాలుగా నమ్మిన వ్యాధుల వెనుక కంటికి కనిపించని జీవులు ఉన్నాయని రుజువైన తొలి తరం వైద్యులలో ఐడా ఒకరు. తాతగారికి, తండ్రిగారికి చదువుకునే రోజుల్లో దొరకని ఈ విద్య ఆమెకు దొరికింది.

చదువు ముగిసే సమయంలో రాయవేలూరులో స్త్రీల ఆసుపత్రి కోసం ఆమె విరాళాలు సేకరించారు. షెల్ అనే న్యూయార్కు ధనికుడు తన భార్య జ్ఞాపకార్థం 10,000 డాలర్లు ఇచ్చాడు.

ఒక పడక నుండి నలభై పడకలకు

1900 సంవత్సరం ఆరంభంలో ఐడా రాయవేలూరు చేరుకున్నారు. చేయి పట్టి వైద్యవృత్తిలో నడిపిస్తాడనుకున్న తండ్రి ఆ సంవత్సరమే మరణించారు. అనుభవం లేని యువ వైద్యురాలిని, అందులోనూ విదేశీ స్త్రీని నమ్మి రావడానికి జనం తొలుత వెనుకాడారు. ఇంటిలోనే ఒక పడకతో వైద్యం ప్రారంభించిన ఆమె వద్దకు మెల్లమెల్లగా రోగులు రాసాగారు. రెండేళ్ళలో ఆమె 5,000 మందికి వైద్యం చేశారు.

1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి ప్రారంభమైంది. ఆ ఆవరణ రాయవేలూరులో నేటికీ ఉంది. చాలాకాలంగా అక్కడ కంటి ఆసుపత్రి నడుస్తోంది. 1906 నాటికి ఆమె చూసే రోగుల సంఖ్య సంవత్సరానికి 40,000 దాటిందంటే పల్లెల్లో నమ్మకం ఎంత త్వరగా పెరిగిందో ఊహించవచ్చు.

మహమ్మారి రోజులు

ఆ కాలంలో జనాన్ని గడగడలాడించిన కొత్త రోగం ప్లేగు. 1896లో బొంబాయిలో బయటపడి, 1898లో బెంగుళూరుకు పాకి, రైలు మార్గాల వెంట దక్షిణాదికి దిగింది. చంకలలో, గజ్జలలో బిళ్ళలు కట్టి, తీవ్రజ్వరంతో కొద్ది రోజులలోనే మనిషి మరణించేవాడు. ఎలుకలు రాలిన ఊరిలో మనుషులు రాలుతారని పల్లెవారు గమనించారు. ఎలుకల మీద ఉండి గెంతే, రక్తం పీల్చే చిన్న కీటకాలే రోగాన్ని మనిషికి అంటిస్తాయని సీమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీలో చూపినా, శాస్త్రజ్ఞులు దానిని పూర్తిగా అంగీకరించడానికి మరి కొన్నేళ్ళు పట్టింది.

హాఫ్‌కిన్ 1897లో బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేశాడు. కాని 1902లో పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో, ఒక సీసాలోని టీకా కలుషితమై 19 మంది ధనుర్వాతంతో చనిపోవడంతో టీకా పేరెత్తితేనే భయపడే స్థితి ఏర్పడింది. మందుకు రోగం లొంగకపోవడం ఒక కష్టమైతే, మందును జనం నమ్మకపోవడం మరొక కష్టం. ప్లేగు, కలరా, కుష్ఠు ఈ మూడింటితోనూ పోరాడవలసి వచ్చిన ఐడాకు ఈ రెండు కష్టాలూ ఎదురయ్యాయి. యాంటీబయాటిక్ మందులు పుట్టని ఆ రోజుల్లో వైద్యురాలి చేతిలో ఉన్నవి శుభ్రత, మరిగించిన నీరు, టీకా, ఓపికగా చెప్పే మాట మాత్రమే.

గుడియాత్తం బాట

ఆసుపత్రి ఎంత పెద్దదైనా, నడవలేని రోగికి అది దూరమే. ఈ సత్యాన్ని గ్రహించి ఐడా తానే రోగుల వద్దకు బయలుదేరారు. రాయవేలూరు నుండి గుడియాత్తం వరకు సుమారు 35 కిలోమీటర్ల బాటలో, నిర్ణీత దినాన, నిర్ణీత చెట్ల కింద బండి ఆపి వైద్యం చేసే పద్ధతిని ఆమె ప్రవేశపెట్టారు. బాటపక్క వైద్యశాల అని దానికి పేరు వచ్చింది. 20వ శతాబ్దపు తొలి దశకంలోనే ఒక చిన్న ఫ్రెంచి మోటారు కారు ఆమెకు అమరింది. గుర్రంగాని ఎద్దుగాని లేకుండా పొగ వదులుతూ వచ్చే ఆ బండిని చూసి మొదట్లో జనం దయ్యమనుకొని పొలాలకు అడ్డంగా పరుగెత్తారని చెబుతారు. తరువాత్తరువాత అదే శబ్దం కోసం తెల్లవారుజాము నుండి మర్రిచెట్ల కింద, చింతచెట్ల కింద ఎదురుచూడసాగారు.

కురుపులు, గజ్జి, కంటిజబ్బులు, పంటినొప్పి, జ్వరాలు, నారికురుపు, ఇవన్నీ ఆ చెట్ల కిందికి వచ్చేవి. ఊరి దిగుడుబావి నీటి ద్వారా సంక్రమించే నారికురుపు మన దేశం నుండి పూర్తిగా తొలగిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 సంవత్సరంలో ధ్రువీకరించింది. ఐడా కాలంలో అది ఇంటింటి బాధ. ఊరి వెలుపల ఉండవలసిన కుష్ఠురోగులు కూడా ఆ బాట మీదనే ఆమె కోసం నిలిచేవారు. అందరి పుండ్లనూ విప్పి, కడిగి, కట్టు కట్టేవారు.

ఈ బాటపక్క వైద్యం వల్ల రెండు ప్రయోజనాలు కలిగాయి. రోగికి మందు అందడం మొదటిది. ఏ ఊరిలో ఏ జబ్బు తలెత్తుతున్నదో, ఏ కాలంలో పెరుగుతున్నదో వైద్యురాలికి తెలియడం రెండవది. ఆసుపత్రిలో కూర్చున్న వైద్యునికి రోగి మాత్రమే కనబడతాడు. ఊరికి వెళ్ళిన వైద్యునికి రోగి తాగే నీరు, పడుకునే చోటు, పనిచేసే పొలం కూడా కనబడతాయి.

స్త్రీల కోసం వైద్య విద్య

ఒక్క మనిషి ఎన్ని చెట్ల కింద ఆగినా, ఆగని చెట్లే ఎక్కువ. అందువల్ల ఐడా భారతీయ స్త్రీలకే వైద్యం నేర్పడానికి పూనుకున్నారు. 1909లో నర్సుల శిక్షణ పాఠశాల ప్రారంభమైంది. ఆ పిమ్మట స్త్రీల వైద్య పాఠశాల కోసం మదరాసు ప్రభుత్వాన్ని అనుమతి కోరినప్పుడు, చదవడానికి ఆడపిల్లలు దొరకరని అధికారులు సందేహించారు. 1918లో పాఠశాల తెరిచేసరికి 151 దరఖాస్తులు వచ్చాయి. అప్పటికి తగిన భవనం గాని, సరిపడా బోధకులు గాని లేరు. ఆదినుండి పాఠాలు చెప్పే భారం చాలావరకు ఐడాదే. తొలి తరగతిలో 14 మంది 1922లో వైద్యులుగా ఉత్తీర్ణులై బయటికి వచ్చారు. విద్యార్థినులను ఆమె గుడియాత్తం బాటకు తీసుకువెళ్ళేవారు. పుస్తకంలో చదివిన రోగాన్ని చెట్టు నీడలో చూపించేవారు.

ఆమె సేవలకు గుర్తింపుగా 1920లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ బంగారు పతకం ఇచ్చింది. 1928లో బాగాయం కొండల పక్కన 200 ఎకరాలలో కళాశాల ఆవరణకు పని మొదలైంది.

1938లో ఈ సంస్థకు గండం వచ్చింది. ఇకపై డిప్లొమా వైద్య విద్య చెల్లదనీ, విశ్వవిద్యాలయ పట్టా ఉండాలనీ మదరాసు ప్రభుత్వం నిర్ణయించింది. అందుకు కావలసిన ప్రయోగశాలలు, పడకలు, ఆచార్యులు సమకూర్చుకొనడానికి పెద్ద మొత్తం కావాలి. డెబ్బది ఏళ్ళ వయసులో ఐడా అమెరికాకు వెళ్ళి ఊరూరా తిరిగి ధనం కూడబెట్టారు. స్త్రీల కోసమే మొదలైన కళాశాలలో పురుషులను చేర్చుకోవాలన్న ఆలోచన ఆమెను ఆశ్రయించిన పాత స్నేహితులలో కొందరికి రుచించలేదు. చాలా మథనపడిన తరువాత ఆమె దానికి అంగీకరించారు. 1942లో ఎం.బి.బి.ఎస్. చదువు మొదలైంది. దశాబ్దం ముగిసేలోపు పురుషులకూ ప్రవేశం లభించింది.

1946లో ఐడా పదవీ విరమణ చేశారు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో ఆ సంస్థకు నాయకత్వం వహించిన తొలి భారతీయురాలు డాక్టర్ హిల్డా లాజరస్. విశాఖపట్టణంలో 1890లో జన్మించిన ఈమె తెలుగునాట ప్రఖ్యాతి గాంచిన ప్రసూతి వైద్యురాలు.

కుష్ఠుపై పోరు

ఐడా విశ్రాంతి తీసుకున్న సంవత్సరమే డాక్టర్ పాల్ బ్రాండ్ అనే యువ శస్త్రవైద్యుడు రాయవేలూరు చేరాడు. కుష్ఠురోగుల వేళ్ళు వాటంతట అవే ఊడిపోతాయన్న నమ్మకం తప్పని ఆయన నిరూపించాడు. క్రిమి నరాలను దెబ్బతీయడం వల్ల నొప్పి తెలియక, కాలినా కోసుకున్నా గమనించక, ఆ గాయాల వల్లనే వేళ్ళు పాడవుతాయని చూపాడు. ముడుచుకుపోయిన చేతులను శస్త్రచికిత్సతో తిరిగి పనికి వచ్చేటట్లు చేశాడు. 1955లో కాట్పాడి దగ్గర కరిగిరిలో కుష్ఠు పరిశోధన ఆసుపత్రి వెలసింది. ఆ తరువాత అక్కడి కార్యకర్తలు గుడియాత్తం తాలూకా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి తొలి మచ్చను వెదికి మందు ఇచ్చారు. ఐడా బండి ఆగిన నేల మీదనే ఈ పని జరిగింది.

1960 మే 24న కొడైకెనాల్‌లోని తమ ఇంటిలో ఐడా కన్నుమూశారు. అప్పటికి ఆమె వయసు 89 ఏళ్ళు. వివాహం చేసుకొనలేదు. సంస్థ శతజయంతి సందర్భంగా 2000లో భారత తపాలా శాఖ ప్రత్యేక తపాలా బిళ్ళ విడుదల చేసింది.

నేటి కొత్త క్రిములు

ప్లేగు భయం తొలగినా క్రిముల కథ ముగియలేదు. అరుదైనవని, ఈ నేలలో లేవని అనుకున్న కొన్ని సూక్ష్మజీవులు ఇటీవలి దశాబ్దాలలో ప్రాణాంతక వ్యాధులకు కారణాలుగా బయటపడుతున్నాయి. వాటిలో రెండింటిని గురించి సరిహద్దు పల్లెలు తప్పక తెలుసుకోవాలి.

మొదటిది స్క్రబ్ టైఫస్. పొదలలో, గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి జాతి పురుగు పిల్ల కుట్టడం వల్ల ఇది వస్తుంది. వానలు వెనుకబట్టి చలి మొదలయ్యే నెలల్లో ఎక్కువ. 2001–02 చలికాలంలో తమ వద్దకు వచ్చిన అంతుబట్టని జ్వరాలలో ఈ వ్యాధి ఉన్నదని రాయవేలూరు వైద్యులు గుర్తించి 2003లో ప్రకటించారు. కుట్టిన చోట చుట్టతో కాల్చినట్లు చిన్న నల్లటి పెచ్చు ఏర్పడుతుంది. నొప్పి ఉండదు. చంకలో, గజ్జలో, రొమ్ము కింద, నడుము చుట్టూ దాగి ఉంటుంది. రోగి చూపడు, వైద్యుడు అడగడు. సాధారణంగా జ్వరాలకు వాడే పెన్సిలిన్ జాతి మందులు దీనిపై పనిచేయవు. డాక్సీసైక్లిన్ అనే చవకైన మందు సకాలంలో పడితే జ్వరం త్వరగానే దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. తీవ్రస్థితిలో డాక్సీసైక్లిన్‌తో పాటు అజిత్రోమైసిన్ కూడా కలిపి ఇస్తే మేలని రాయవేలూరు వైద్యుల ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

రెండవది మెలియాయిడోసిస్. బురదనేలలో, నిలువనీటిలో ఉండే ఈ క్రిమిని 1911లో రంగూనులో విట్‌మోర్, కృష్ణస్వామి అనే వైద్యులు గుర్తించారు. వానకాలంలో పొలం పనిచేసేవారికి, ముఖ్యంగా చక్కెరవ్యాధి ఉన్నవారికి దీని ప్రమాదం హెచ్చు. ఒకప్పుడు క్షయలాగా, మరొకప్పుడు మామూలు చీముగడ్డలాగా కనబడి మోసం చేస్తుంది. పరీక్షశాలలో కూడా హాని లేని వేరొక క్రిమి అనుకొని దీనిని పక్కన పెట్టే అవకాశం ఉంది. రాయవేలూరు పరీక్షశాల దీనిని గుర్తించి నివేదించిన దక్షిణాది కేంద్రాలలో ముఖ్యమైనది. కొన్ని వారాలు సూదిమందు, ఆపైన కొన్ని నెలలు మాత్రలు విడువక వాడాలి. మధ్యలో మానితే తిరగబెడుతుంది.

గుడియాత్తం బాటలోని కె.వి.కుప్పంలో 1977 నుండి ఈ కళాశాల గ్రామీణ ఆరోగ్య కేంద్రాన్ని నడుపుతోంది. ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమైనా, పెద్దాసుపత్రి అయినా, జ్వరం అయిదారు రోజులు దాటితే అక్కడ మూడు సంగతులు చెప్పాలి: రోగి చేసే పని ఏమిటి, చక్కెరవ్యాధి ఉన్నదా, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పెచ్చు గాని, మానని పుండు గాని ఉన్నదా. ముఖ్యంగా ఇంటి స్త్రీలు ఇది సిగ్గుపడవలసిన విషయమని దాచకూడదు. ఇంటి ఆడవారే ఒకరి ఒంటిని ఒకరు వెదికి చూసి వైద్యులకు చెప్పవచ్చు. స్త్రీ వైద్యురాలు కావాలని అడిగే హక్కు వారికి ఉంది. తిండివనంలో ఆ ముగ్గురు తల్లులకు ఆ అవకాశం లేకపోయింది. ఈనాటి తల్లులకు అది ఉండడానికి కారణమైన వారిలో ఐడా స్కడర్ ఒకరు.